ముట్టుట వేరు, అడుగుట వేరు: "అభిషిక్తులు" అనే మాట వాడుకపై ఒక విమర్శ

1. ఉపోద్ఘాతము

"అయ్యగారూ, ఈ యేడు కానుకల లెక్క ఒకసారి సంఘములో చదివి వినిపిస్తారా?" మన సంఘాలలో ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే, చాలాచోట్ల జవాబుగా లెక్క రాదు, ఒక వాక్యము వస్తుంది. దేవుడు అభిషేకించినవారిని ముట్టకూడదని 105వ కీర్తన 15వ వచనములో ఉన్నది గదా అని ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. అడిగినవాడు తలవంచుకొని కూర్చుంటాడు. తరువాతి ఆదివారము కోరహును భూమి మింగిన సంగతి ప్రసంగాంశమవుతుంది.

ఈ వ్యాసము ఆ వాక్య ప్రయోగముపై విమర్శ. నాయకులను గౌరవించనక్కరలేదని చెప్పుట దీని ఉద్దేశము కాదు. దైవసేవకులను సన్మానించుమని లేఖనము స్పష్టముగా ఆజ్ఞాపిస్తున్నది, ఆ ఆజ్ఞను తగ్గించే అధికారము మనకు లేదు. అయితే గౌరవము పేరిట ప్రశ్నను నోరు మూయించుటకు ఏ వచనాన్ని వాడుతున్నామో, ఆ వచనమే మన వాడుకకు ఎదురుగా నిలుస్తున్నదని చూపించుట ఈ రచన ప్రయత్నము. బైబిలు "ముట్టుట"కు, "అడుగుట"కు మధ్య ఒక గీత గీసింది. మనము ఆ గీతను చెరిపివేశాము. ఏటూరునాగారం పరిసరాలను దృష్టిలో ఉంచుకొని ఈ సంగతిని పరిశీలిద్దాం.

2. ఏటూరునాగారం ఎందుకు?

గోదావరి ఒడ్డున, అడవి అంచున ఉన్న ఏటూరునాగారం చాలాకాలము వరంగల్ జిల్లాలో భాగము. 2019 నుండి ములుగు జిల్లాలో ఉన్నది. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయము ఇక్కడ ఉన్నది. చుట్టూ కోయ గూడేలు. ఇది షెడ్యూల్డు ప్రాంతము గనుక పంచాయతీరాజ్ వ్యవస్థను ఇటువంటి ప్రాంతాలకు విస్తరింపజేసిన 1996 నాటి పెసా చట్టము ఇక్కడ వర్తిస్తుంది. ఆ చట్టములో మన చర్చకు పనికివచ్చే ఒక నియమము ఉన్నది. అభివృద్ధి పనులకు ఖర్చుచేసిన నిధుల వినియోగమును గూర్చి గ్రామపంచాయతీ గ్రామసభ నుండి ధ్రువీకరణ పొందాలి. అనగా సర్పంచి ఖర్చుపెట్టిన డబ్బుకు ఊరి ప్రజలే "అవును, ఖర్చయింది" అని సాక్ష్యమివ్వాలి.

ఇప్పుడు ఒక కోయ విశ్వాసిని ఊహించండి. గ్రామసభలో చెట్టుక్రింద కూర్చుని సర్పంచిని లెక్క అడిగే హక్కు చట్టము అతనికి ఇచ్చింది. అడిగితే అతడు బాధ్యతగల పౌరుడు. అదే మనిషి ఆదివారము ప్రార్థనామందిరములో చాపమీద కూర్చుని అదే ప్రశ్న అడిగితే తిరుగుబాటుదారుడు! దేశ చట్టము పేదవానిమీద ఉంచిన నమ్మకమును క్రీస్తు సంఘము ఉంచలేకపోతే, అన్యులయెదుట మన సాక్ష్యము ఏమవుతుంది? ఈ ప్రశ్నే ఈ వ్యాసమునకు ప్రేరణ.

3. కీర్తన 105:15 – ఎవరితో చెప్పబడిన మాట?

వాక్యభాగమును 12వ వచనము నుండి చదివితే సంగతి తేటపడుతుంది. అక్కడ "అభిషిక్తులు" సింహాసనముమీద ఉన్నవారు కారు. లెక్కకు కొద్దిమంది, పరదేశులు, ఒక జనము నుండి మరియొక జనమునొద్దకు తిరుగాడినవారు. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల కుటుంబమే అది. సొంత భూమి లేదు, సైన్యము లేదు, తమ తరపున మాట్లాడే పెద్దమనిషి లేడు. అటువంటివారికి హాని కలుగనియ్యక దేవుడు రాజులను గద్దించాడని కీర్తనకారుడు చెప్పుచున్నాడు. ముట్టవద్దన్న హెచ్చరికను విన్నవారు రాజులు. ఆ హెచ్చరిక కాపాడినది బలహీనులను.

మన వాడుకలో ఇది తలక్రిందులైంది. బలవంతుని చేతిని ఆపిన మాటను తీసికొని బలహీనుని నోరు మూయించుచున్నాము.

ఇంకొక సంగతి గమనించాలి. ఈ వచనములో "ముట్టు" అను అర్థమిచ్చు హెబ్రీ క్రియాపదము "నాగా". పితరుల చరిత్రలో ఇదే పదము రెండు ముఖ్యమైన చోట్ల కనబడుతుంది. ఆదికాండము 20:6లో దేవుడు గెరారు రాజైన అబీమెలెకును శారాను ముట్టకుండ అడ్డగించాడు. ఆదికాండము 26:11లో ఇస్సాకునుగాని అతని భార్యనుగాని ముట్టువానికి మరణశిక్ష అని ఆ దేశపు రాజు ప్రకటించాడు. రెండు చోట్లా ముట్టుట అంటే శరీరమునకు, మానమునకు, ప్రాణమునకు హాని చేయుట. ఆదికాండము 20:7లో అబ్రాహాము ప్రవక్త అని పిలువబడుట కూడ కీర్తనలోని "ప్రవక్తలు" అను మాటకు నేపథ్యము.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆదికాండము 20:9-10లో అబీమెలెకు అబ్రాహామును పిలిపించి, మాకు ఇట్లెందుకు చేశావని నిలదీశాడు. అబ్రాహాము భార్యను చెల్లెలని చెప్పి ఒక దేశమును అపాయములో పడవేసినవాడు. తప్పు ప్రవక్తది, ప్రశ్న అన్యుడైన రాజుది. దేవుడు ఆ ప్రశ్నను ఆపలేదు. "ఇతడు నా ప్రవక్త, ఇతనిని అడుగకూడదు" అనలేదు. అబ్రాహాము జవాబు చెప్పవలసి వచ్చింది. అతడు చెప్పిన జవాబు అంత గొప్పగా కూడ లేదు. 12వ అధ్యాయములో ఫరో కూడ ఇట్లే అడిగాడు. కాబట్టి 105వ కీర్తనలోని "అభిషిక్తుని" ముట్టుటను దేవుడు నిషేధించాడు గాని అతనిని ప్రశ్నించుటను నిషేధించలేదు. మూలకథలోనే ఈ రెండింటికీ భేదమున్నది.

4. దావీదు సౌలును ఏమి చేయలేదు, ఏమి చేశాడు?

రెండవ ఆధారముగా మనవారు 1 సమూయేలు 24, 26 అధ్యాయములను చూపిస్తారు. అభిషిక్తుడైన సౌలుమీద చెయ్యి వేయుటకు దావీదు ఒప్పుకొనలేదు. ఇది నిజమే. వస్త్రపు చెంగు కోసినందుకే అతని మనస్సు అతనిని నొప్పించింది. అటువంటి మెత్తని మనస్సాక్షి ఈనాటి విమర్శకులకు ఎంతో అవసరము.

అయితే ప్రసంగాలు సాధారణముగా గుహలోనే ఆగిపోతాయి. దావీదు గుహలో ఆగలేదు. బయటికి వచ్చి, సాగిలపడి, రాజును తండ్రీ అని సంబోధించి, కోసిన చెంగును చేతిలో పట్టుకొని చూపించాడు. నన్నెందుకు తరుముచున్నావని అడిగాడు. ఎవరో చెప్పిన మాటలు ఎందుకు వింటున్నావన్నాడు. నీకును నాకును మధ్య యెహోవా న్యాయము తీర్చునుగాక అన్నాడు. సౌలు వెంబడి మూడువేలమంది ఉండగా ఈ మాటలు పలికాడు. నమస్కారము ఉన్నది, సాక్ష్యాధారము ఉన్నది, ప్రశ్న ఉన్నది, తీర్పు దేవునికి విడిచిపెట్టుట ఉన్నది. లేనిది ఒక్కటే, కత్తి. గౌరవపూర్వకమైన ప్రశ్నకు లేఖనములో ఇంతకంటె చక్కని మాదిరి అరుదు.

22వ అధ్యాయమును కూడ ఇక్కడ చేర్చి చదవాలి. నోబులోని యాజకులను చంపుమని సౌలు ఆజ్ఞాపించినప్పుడు అతని సొంత కావలివారే చెయ్యి ఎత్తుటకు ఒప్పుకొనలేదు (22:17). రాజు అభిషిక్తుడే, ఆజ్ఞ మాత్రము దేవునిది కాదు. ఆ ఆజ్ఞకు లోబడినవాడు ఎదోమీయుడైన దోయేగు ఒక్కడే. విధేయత ఎప్పుడూ సద్గుణమే అనువారు దోయేగును ఏ వరుసలో నిలబెడతారు?

ఇదే దావీదు రాజైన తరువాత నాతాను అతని యెదుట నిలిచాడు (2 సమూయేలు 12). "నేను అభిషిక్తుడను" అని దావీదు అడ్డు చెప్పలేదు. సౌలు విషయములో తాను గౌరవించిన అభిషేకమును తన విషయములో కవచముగా వాడుకొనలేదు. పాపము చేశానని ఒప్పుకున్నాడు. అభిషేకమును నిజముగా ఎరిగినవాడు ఎట్లుంటాడో ఇక్కడ తెలుస్తుంది.

5. కోరహు కుమ్మక్కు, సెలోపెహాదు కుమార్తెల మనవి

సంఖ్యాకాండము 16వ అధ్యాయమును మనము తేలికగా తీసుకొనరాదు. ప్రతి ప్రశ్నా పరిశుద్ధము కాదని అది నేర్పుతున్నది. సమాజమంతా పరిశుద్ధమైనదే గదా అని కోరహు పలికిన మాట పైకి ఎంతో ప్రజాస్వామికముగా వినబడుతుంది. మోషే దాని వెనుకనున్న కోరికను బయటపెట్టాడు: కోరినది యాజకత్వము (16:10). అన్యాయమును సరిదిద్దుట కోరహు ఉద్దేశము కాదు, ఆ స్థానము తనకు కావాలి. మన సంఘ చీలికలలో ఎన్ని "సంస్కరణలు" ఈ కోవకు చెందినవో మనకు తెలుసు.

అయినను అదే అధ్యాయములో మోషే ఏమన్నాడో చూడండి. వారియొద్దనుండి ఒక్క గాడిదనైనను తాను తీసికొనలేదని దేవునియెదుట చెప్పుకున్నాడు (16:15). సమూయేలు సహితము వృద్ధాప్యములో ప్రజలయెదుట నిలిచి, ఎవరి ఎద్దును తీసికొన్నాను, ఎవరియొద్ద లంచము పుచ్చుకున్నాను, చెప్పుడి అని తానే అడిగాడు (1 సమూయేలు 12:3). ఎవరూ లెక్క అడుగకముందే లెక్క ఇచ్చిన నాయకుడు! కోరహు కథను ప్రసంగించే కాపరి 15వ వచనమును కూడ ప్రసంగించి, దానిని తనకు అన్వయించుకొనాలి.

ఇంక 27వ అధ్యాయము. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు ప్రత్యక్షపు గుడారము ద్వారమునొద్ద మోషే, యాజకుడు, ప్రధానులు, సర్వసమాజము యెదుట నిలిచారు. కుమారులు లేనందున తండ్రి పేరు ఎందుకు అంతరించాలని అడిగారు. అప్పటికి అమలులో ఉన్న పద్ధతినే ప్రశ్నించారు. మాట మొదట్లోనే తమ తండ్రి కోరహు సమూహములో చేరినవాడు కాడని చెప్పుకున్నారు (27:3). కోరహు కథ జరిగిన తరువాత ఏ ప్రశ్న అడిగినా ఆ ముద్ర పడుతుందని వారికి తెలుసునేమో. మోషే వారిని గద్దించలేదు. వారి మనవిని దేవుని సన్నిధికి తీసుకువెళ్ళాడు. వారు చెప్పినది సరియేనని దేవుడు తీర్పు చెప్పాడు.

కాబట్టి ప్రశ్నించినవారందరినీ కోరహు సంతానముగా లెక్కించుట సంఖ్యాకాండమునే సగము చదువుట. ఒకే గ్రంథములో రెండు కథలూ ఉన్నవి. 16వ అధ్యాయమును ఎన్నిసార్లు ప్రసంగించామో, 27వ అధ్యాయమును ఎన్నిసార్లు ప్రసంగించామో ప్రతి కాపరీ తన ప్రసంగ పుస్తకము తీసి చూసుకొనుట మంచిది.

6. షెకెములో కాడి, మేడారంలో కప్పము

ఏటూరునాగారం ప్రక్కనున్న తాడ్వాయి మండలములో మేడారం ఉన్నది. రెండేండ్లకొకసారి మాఘమాసములో జరిగే సమ్మక్క సారలమ్మ జాతర 1996లో రాష్ట్ర పండుగగా ప్రకటించబడింది. మనము ఈ జాతరను గూర్చి మాట్లాడినప్పుడు విగ్రహారాధన అను ఒక్క మాటతో ముగిస్తాము. ఆరాధన విషయములో మన విశ్వాసము వేరు, దానిని దాచనక్కరలేదు. అయితే అక్కడ ప్రజలు తరతరాలుగా జ్ఞాపకముంచుకున్న కథ ఏమిటో కాపరులు వినాలి.

జనశ్రుతిలో ఎక్కువగా వినబడే రూపము ఇది. కరువు వచ్చింది. మేడారం ఏలిక పగిడిద్దరాజు కాకతీయ రాజుకు కప్పము కట్టలేకపోయాడు. ప్రతాపరుద్రుని సైన్యము దండెత్తి వచ్చింది. పగిడిద్దరాజు, కుమార్తె సారలమ్మ, అల్లుడు గోవిందరాజు యుద్ధములో మరణించారు. కుమారుడు జంపన్న సంపెంగ వాగులో పడి ప్రాణము విడిచాడు, దానిని నేడు జంపన్నవాగు అంటున్నారు. సమ్మక్క పోరాడి చిలకలగుట్ట వైపు వెళ్ళి కనబడకుండా పోయింది. ప్రతాపరుద్రుడు 1289 నుండి 1323 వరకు ఏలినవాడు. ఈ కథ మాత్రము శాసనములలో గాక ప్రజల నోట నిలిచినది, చెప్పేవారినిబట్టి కొంత మారుతుంది. మనకు ముఖ్యమైనది దాని గుండెకాయ: పంట లేని యేట రాజు కప్పమడిగాడు, అడవి ప్రజలు ఇవ్వలేమన్నారు, రాజు సైన్యముతో జవాబిచ్చాడు.

1 రాజులు 12వ అధ్యాయము ఈ నేలమీద ఎట్లు వినబడుతుందో ఆలోచించండి. షెకెములో ఇశ్రాయేలీయులు రెహబామునొద్దకు వచ్చారు. తండ్రి సొలొమోను మోపిన కాడి బరువైనదని, దానిని తేలిక చేస్తే సేవిస్తామని మనవి చేశారు. ఇది తిరుగుబాటు కాదు. సేవిస్తామను వాగ్దానము ఆ మనవిలోనే ఉన్నది. వృద్ధులు రాజునకు మంచి ఆలోచన చెప్పారు: ఈ దినము నీవు వారికి దాసుడవైతే వారు ఎల్లప్పుడును నీకు దాసులౌతారు. రాజు ఆ ఆలోచనను త్రోసివేసి, తనతోకూడ పెరిగిన యౌవనస్థుల మాట విని మరింత బరువు మోపుతానన్నాడు. వెట్టిపనిమీద అధికారియైన అదోరామును పంపగా ప్రజలు అతనిని రాళ్ళతో కొట్టి చంపారు. మనవిని వినని నాయకత్వము మనవిని తిరుగుబాటుగా మార్చింది.

రెండు కథలు ఒకటే అని నేననను. ఒకటి లేఖనము, మరొకటి జనశ్రుతి. బైబిలు కథ అక్కడ ఆగలేదు కూడ. కాడిని విరిచిన పదిగోత్రముల నాయకుడైన యరొబాము బేతేలులోను దానులోను బంగారు దూడలను నిలబెట్టాడు. అన్యాయమును ఎదిరించినవాడు ఆ కారణముచేతనే నీతిమంతుడైపోడు. ఎదిరించుటకు ఎంత ధైర్యము కావాలో, ఎదిరించిన తరువాత దేవుని యెదుట నడచుటకు అంతకంటె ఎక్కువ భయభక్తులు కావాలి.

అయినను ఇంత మాత్రము చెప్పవచ్చు. అన్యాయమైన కప్పమును కాదన్న తల్లీబిడ్డల కథ వింటూ పెరిగిన కోయ బిడ్డ మన మందిరానికి వచ్చినప్పుడు, "అడుగకూడదు, ఇవ్వాలి" అను మాట మనయొద్ద వింటే, అతనికి ఏ స్వరము వినబడుతుంది? కాడిని తేలిక చేయు క్రీస్తు స్వరమా, కప్పమునకు వచ్చిన రాజు స్వరమా? ఇది మన సువార్త సేవకు సంబంధించిన ప్రశ్న.

7. డోర్నకల్ నుండి ఎడిన్‌బరోకు

గౌరవించుట, ప్రశ్నించుట కలిసి ఒకే మనిషిలో ఉండగలవా? మన ప్రాంతపు సంఘ చరిత్రయే జవాబిస్తున్నది. ఏటూరునాగారం ఏ జిల్లాలో ఉండేదో అదే పాత వరంగల్ జిల్లాలోని డోర్నకల్‌కు తమిళదేశము నుండి మిషనరీగా వచ్చినవాడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1910 జూన్‌లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, అత్యధికులు పాశ్చాత్యులైన ప్రతినిధుల యెదుట ఆయన మాట్లాడాడు. మిషనరీల త్యాగమును, ప్రాణార్పణను ముందుగా కొనియాడాడు. తరువాత వారికి, భారతీయ సేవకులకు మధ్య ఉన్నది చాలాచోట్ల యజమానికి పనివానికి ఉండే సంబంధమే గాని స్నేహము కాదని చెప్పాడు. మాకు స్నేహితులు కావాలని వేడుకున్నాడు. సభలో కొందరికి ఆ మాట రుచించలేదు.

ఆయన మిషనరీలను విడిచి వేరే సంఘము పెట్టలేదు. వారిని ముట్టలేదు, అడిగాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్పుగా అభిషేకించబడ్డాడు. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. 1945 జనవరి 1న మరణించువరకు డోర్నకల్ అధ్యక్ష ఖండములో సేవచేశాడు. పెద్దలను సూటిగా ప్రశ్నించినవానిని రెండేండ్లకే పెద్దగా నియమించిన సంఘము ప్రశ్నను తిరుగుబాటుగా లెక్కించలేదు. ఈనాడు మన సంఘములో ఒక యౌవన అజరయ్య లేచి మాట్లాడితే అతనికి బాధ్యత అప్పగిస్తామా, సభ్యత్వమునుండి తీసివేస్తామా?

8. "లెక్క" అను మాట

నాయకులకు లోబడుమని చెప్పు హెబ్రీ 13:17 మనకు కంఠతా వచ్చు. అదే వచనములో నాయకులు లెక్క ఒప్పజెప్పవలసినవారని కూడ ఉన్నది. లోబడుటకు చెప్పబడిన కారణమే నాయకుని లెక్క. ఆ లెక్క దేవునికి అప్పగించేది గదా, సంఘానికి ఎందుకని కొందరంటారు. పౌలు అట్లనుకొనలేదు. యెరూషలేము పేదలకొరకు సేకరించిన ధనము విషయములో ప్రభువు దృష్టికే గాక మనుష్యుల దృష్టికి కూడ యోగ్యముగా ఉండునట్లు, ఇతరులను తోడు చేసుకొని జాగ్రత్తపడ్డాడు (2 కొరింథీ 8:19-21). అపొస్తలునికి అవసరమైన జాగ్రత్త మనకు అనవసరమా?

1 తిమోతి 5:17-20 కూడ సగమే వాడబడుతున్నది. బాగుగా పాలన చేయు పెద్దలకు రెట్టింపు సన్మానము. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే పెద్దమీద దోషారోపణ అంగీకరింపవద్దు. పాపములో కొనసాగువారిని అందరియెదుట గద్దింపుము. మూడూ ఒకే చోట ఉన్నవి. మొదటిది కాపరి ఆకలి తీరుస్తుంది, రెండవది నిందలనుండి కాపాడుతుంది, మూడవది సంఘమును కాపాడుతుంది.

అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయములో ఈ సమతూకము ఒకే సన్నివేశములో కనబడుతుంది. ధర్మశాస్త్రమునకు విరోధముగా తనను కొట్టించిన అననీయను పౌలు గట్టిగా గద్దించాడు. అతడు ప్రధానయాజకుడని తెలిసిన తరువాత, ప్రజల అధికారిని నిందింపకూడదను ఆజ్ఞను గుర్తుచేసుకొని మాటను దిద్దుకున్నాడు. దిద్దుకున్నది తన మాట తీరును. జరిగిన అన్యాయము న్యాయమేనని మాత్రము అనలేదు.

9. ఆచరణలో కొన్ని జాగ్రత్తలు

మొదటిది, ఎవరు బలవంతులో చూడాలి. అడవి గూడెములో సేవచేయు కాపరి తరచుగా జీతము నిలకడలేనివాడు. అతనిని ప్రశ్నించేవాడు ఊరిలో భూమి, డబ్బు, పలుకుబడి ఉన్నవాడైతే, "ప్రశ్న" అను పేరుతో జరిగేది పెత్తనమే. అటువంటిచోట కీర్తన 105:15 నిజముగా ఆ పేద కాపరి పక్షమున నిలుస్తుంది. పట్టణములో ఉన్న పై నాయకుని లెక్క అడిగే హక్కు కూడ ఆ గూడెము కాపరికి ఉన్నది.

రెండవది, అడుగువాడు మత్తయి 18:15 ప్రకారము ముందు ఏకాంతముగా వెళ్ళాలి. పేరులేని ఉత్తరాలు, కరపత్రాలు దావీదు పద్ధతి కావు. అతడు చెంగును చేతపట్టుకొని ముఖాముఖిగా నిలిచాడు.

మూడవది, ఏటా ఒక ఆదివారము ఆరాధన తరువాత ఆదాయ వ్యయములను సంఘమునకు చదివి వినిపించాలి. అక్షరము రానివారికి కూడ అర్థమగునట్లు చెప్పాలి. లెక్కను కాపరి ఒక్కడే వ్రాయక, సంఘము ఎన్నుకున్న ఇద్దరు, అందులో కనీసము ఒక స్త్రీ, చూచి సంతకము చేయాలి. సెలోపెహాదు కుమార్తెలను ఎరిగిన సంఘమునకు ఇది వింతగా తోచదు.

నాలుగవది, ప్రశ్న అడిగినందుకు ఎవరినీ ప్రభువు బల్లనుండి దూరము చేయరాదు. బల్ల కాపరిది కాదు, ప్రభువుది.

10. ముగింపు

105వ కీర్తనను మరల చదువుదాం. కొద్దిమంది, పరదేశులు, తిరుగాడువారు. వారి పక్షమున రాజులను గద్దించిన దేవుడు. ఈ వచనమును పోడు చేసుకొని బ్రదుకు కోయ కుటుంబము మధ్య కూర్చుని చదివితే, అభిషిక్తులు ఎవరని మనకు తోస్తుంది? పులిపిటమీద ఉన్న మనమా, ఎదుట చాపమీద కూర్చున్నవారా? పాత నిబంధన పితరులకు ఇచ్చిన ఆ పేరు, క్రొత్త నిబంధనలో పరిశుద్ధునివలన అభిషేకము పొందిన విశ్వాసులందరికీ వర్తించింది (1 యోహాను 2:20). కాబట్టి ఈ వచనము కాపరికి వ్రేలు చూపించేముందు కాపరి చేతిని పట్టుకుంటుంది: నా ప్రజలను ముట్టవద్దు.

ఎవరైనా లేచి "అయ్యగారూ, లెక్క చెప్తారా?" అని అడిగితే, అది కోరహు స్వరమో సెలోపెహాదు కుమార్తెల స్వరమో మనకు వెంటనే తెలియకపోవచ్చు. మోషే చేసినట్లు ఆ మనవిని ముందు దేవుని సన్నిధికి తీసుకువెళ్దాం. ఆ తరువాత లెక్క పుస్తకము తెరుద్దాం.